ప్రీస్కూల్‌లో ‘సంస్కృతి, వైవిధ్యం’ అంటే అసలు ఏం చేయాలి?

బాలబడి_టీచర్

అందరికీ నమస్తే. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో పనిచేసే టీచర్‌ని. వచ్చే ఏడాది ప్రణాళికలో ‘సంస్కృతి, వైవిధ్యం’ అనే భాగం తప్పనిసరిగా ఉండాలని మా సెంటర్‌లో నిర్ణయించారు. అందరం కూర్చుని మాట్లాడుకున్నాక చేతికొచ్చింది ఒక క్యాలెండర్. ఒక రోజు ఏదో దేశం జెండాకు రంగులు వేయించడం, ఒక రోజు సంప్రదాయ దుస్తులు, ఒక రోజు పాటలు, ఫొటోలు. అంతటితో ఆ భాగం పూర్తయినట్టే.

ఆ రోజులు వద్దని నేను అనను. కానీ మిగతా రోజుల సంగతేమిటి? పిల్లవాడు లోపలికి రాగానే ఎలా పలకరిస్తాం, ఏడిస్తే ఏం చేస్తాం, ఏ భాషలో మాట్లాడితే మెచ్చుకుంటాం, గోడ మీద ఎవరి బొమ్మలు పెడతాం, ఇవన్నీ ఎవరి సంస్కృతి ప్రకారం నడుస్తున్నాయి? ఈ ప్రశ్న అడిగితే మీటింగ్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

టీచర్లు, తల్లిదండ్రులు, ఈ విషయం చదువుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఈ వయసు పిల్లల విషయంలో ‘సంస్కృతి’ని మీరు ఎలా అర్థం చేసుకుంటారో రాయండి.

నీలం_చొక్కా

ఇద్దరు పిల్లల తండ్రిని. మీ క్యాలెండర్‌ని అంత తేలిగ్గా తీసిపారేయకండి మేడమ్. మా ఇంటి సంప్రదాయం గురించి క్లాసులో చెప్పిన రోజు మా చిన్నది ఎంత సంబరపడిందో నేను కళ్లారా చూశాను. అప్పటిదాకా క్లాసులో నోరు విప్పని పిల్ల ఆ రోజు అందరికీ తానే వివరించిందట. ఆ సంతోషానికి విలువ లేదా?

రెండో మాట. ఈ వయసులో పిల్లలకు తేడాలు కనిపించవు. రంగు, మతం, డబ్బు ఇవేవీ వాళ్లకు తెలియవు. మనమే వెళ్లి ‘నువ్వు వేరు, వాడు వేరు’ అని నేర్పినట్టు అవుతుందేమో అని నా భయం. హాయిగా ఆడుకోనివ్వండి.

శిశుమనసు

నీలం చొక్కా గారూ, మీ భయం చాలామంది తల్లిదండ్రులది, నాకు అర్థమవుతుంది. కానీ ‘పిల్లలకు తేడాలు కనిపించవు’ అన్న మాట పరిశోధన ముందు నిలబడదండి. నేను చదువుతున్నది ఇదే విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2005లో వచ్చిన ఒక అధ్యయనంలో అప్పుడే పుట్టిన శిశువులకు వేర్వేరు జాతుల మనుషుల ముఖాలు చూపించారు. వాళ్లు అన్నిటినీ ఒకేలా చూశారు. మూడు నెలల పిల్లలు మాత్రం తమ జాతి ముఖాల వైపు ఎక్కువసేపు చూశారు. మరుసటి ఏడాది ఇజ్రాయెల్‌లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఇథియోపియా నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో పుట్టి, రెండు రకాల ముఖాల మధ్య పెరుగుతున్న శిశువుల్లో ఆ మొగ్గు కనిపించలేదు. అంటే చూపు చాలా తొందరగా అలవాటు పడుతుంది, ఆ అలవాటు చుట్టూ ఎవరున్నారు అన్న దాన్ని బట్టి ఏర్పడుతుంది. దీన్ని ద్వేషం అనుకోకండి, మూడు నెలల బిడ్డకు ద్వేషం ఉండదు. తేడా కనిపించడం వేరు, ఆ తేడాకు ఒక విలువ కట్టడం వేరు.

ఆ విలువ ఎప్పుడు వచ్చి చేరుతుంది? అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే భార్యాభర్తలు 1940ల నాటికే ఈ ప్రశ్న మీద పనిచేశారు. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రవేత్తలు. మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు రంగులో తప్ప ఇంకెందులోనూ తేడా లేని బొమ్మలు పెట్టి, ‘మంచి బొమ్మ ఏది? నీకు ఏ బొమ్మతో ఆడుకోవాలని ఉంది?’ అని అడిగారు. ఎక్కువమంది తెల్ల బొమ్మను చూపించారు. నల్లజాతి పిల్లలకు, తెల్లజాతి పిల్లలకు వేర్వేరు బడులు నడపడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్లార్క్ పరిశోధన ప్రస్తావన ఉంది.

ఆ పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు కదా. మనం మౌనంగా ఉన్నంత మాత్రాన వాళ్లు నేర్చుకోవడం ఆగదు. తమకు తోచిన అర్థం తీసుకుంటారు.

నీలం_చొక్కా

వివరంగా చెప్పినందుకు థాంక్స్ అండి. ఆ ఇజ్రాయెల్ విషయం నాకు కొత్త. క్లాసులో సంప్రదాయాల గురించి చెప్పే పండగ రోజు మీద మాత్రం నా మాట మీదే ఉన్నాను.

రెండు_భాషల_అమ్మ

నా మాట కొంచెం కోపంగా ఉంటే ఏమీ అనుకోకండి.

మా ఇంట్లో మాట్లాడేది ఒక భాష, బడిలో వేరే భాష. మా బాబు చేరిన కొత్తలో ఒక టీచర్ నన్ను పక్కకు పిలిచి, ‘ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి, లేకపోతే వెనకబడిపోతాడు’ అన్నారు. మంచి మనసుతోనే చెప్పారు. వేరే భాషల వాళ్ల పండగలన్నీ ఆ బడిలో ఘనంగా చేస్తారు. గోడ మీద ఇరవై భాషల్లో ‘స్వాగతం’ అని ఉంటుంది, అందులో మా భాష కూడా ఉంది. మా బాబు ఆ భాషలో నీళ్లు అడిగితే మాత్రం ‘సరిగ్గా అడుగు’ అంటారు.

బిడ్డకు తన భాష గోడ మీద అలంకారమే కానీ, పనికొచ్చేది కాదని అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడే దీని గురించి వెతికి చదివాను. లిల్లీ వాంగ్ ఫిల్‌మోర్ అనే పరిశోధకురాలు 1991లో అమెరికాలోని దాదాపు 1,100 వలస కుటుంబాల సమాచారంతో రాసిన వ్యాసం దొరికింది. చాలా చిన్న వయసులో ఇంగ్లిష్ ప్రీస్కూళ్లలో పడిన పిల్లలు కొత్త భాషను పాత భాషకు తోడుగా నేర్చుకోవడం లేదు, పాతదాన్ని వదిలేసి నేర్చుకుంటున్నారు అని ఆవిడ చెప్పిన విషయం. దాంతో ఏమవుతుందో కూడా రాశారు. అమ్మానాన్నలకు పిల్లలతో లోతుగా మాట్లాడే భాష లేకుండా పోతుంది. మంచీ చెడూ చెప్పాలన్నా, సముదాయించాలన్నా, తమ జీవితం గురించి చెప్పుకోవాలన్నా మాటలు చాలవు. పెద్దయ్యాక వచ్చే దూరానికి బీజం అక్కడే పడుతుంది. నానమ్మతో వీడియో కాల్‌లో మా బాబు ‘ఊ’ కొట్టడం మొదలుపెట్టినప్పుడు ఆ వ్యాసం నాకు పూర్తిగా అర్థమైంది.

నేను ఇంట్లో మా భాష మానలేదు. వాడు ఇప్పుడు రెండూ బాగానే మాట్లాడతాడు. కానీ టీచర్ మాటను కాదనే ధైర్యం అందరు అమ్మలకూ ఉండదు. కాబట్టి బాలబడి టీచర్ గారూ, మీ ప్రణాళికలో ముందుగా రాయాల్సింది ఇది అని నా అభిప్రాయం: ఇంటి భాష వదలమని ఏ తల్లికీ చెప్పకూడదు.

తోటపని

పై పోస్టుకు నా పూర్తి మద్దతు. భాష మీద ఒక ఉదాహరణ చెబుతాను. న్యూజీలాండ్‌లో మూలవాసులైన మావోరీల భాష ఇళ్లలో మాయమైపోతున్న రోజుల్లో, 1982లో, మావోరీలు ‘కోహంగా రేయో’ అనే శిశు కేంద్రాలు మొదలుపెట్టారు. భాష బాగా వచ్చిన పెద్దవాళ్లు, పసిపిల్లలు ఒకే చోట రోజంతా ఆ భాషలోనే గడుపుతారు. ఆడటం, తినడం, నిద్రపోవడం అన్నీ అందులోనే. ప్రత్యేకంగా భాషా పీరియడ్ ఉండదు. ఆ పద్ధతి చూసి హవాయిలో, ఫిన్లాండ్‌లోని సామీ అనే మూలవాసుల్లో కూడా ఇలాంటివి వచ్చాయి.

ఆ ఉద్యమం ప్రభావం తర్వాత దేశం మొత్తానికీ పాకింది. 1996లో న్యూజీలాండ్ ప్రభుత్వం తెచ్చిన ‘తే ఫారికి’ అనే శిశు విద్యా ప్రణాళికను మావోరీ విద్యావేత్తలతో కలిసి తయారుచేశారు. అందులో సబ్జెక్టుల జాబితా కనబడదు. క్షేమంగా ఉండటం, ఇది నా చోటు అనిపించడం, తనవంతు ఇవ్వడం, భావాలు పంచుకోవడం, అన్వేషించడం అనే ఐదు పాయలు ఉంటాయి. కుటుంబం, సమాజం అనేవి మూల సూత్రాల్లోనే ఉన్నాయి. 2017లో సవరించారు కానీ ఈ చట్రం మారలేదు. సంస్కృతిని ప్రణాళికలో ఒక అధ్యాయంగా చేర్చడానికి, ప్రణాళికనే ఒక సంస్కృతి లోపలి నుంచి మొదలుపెట్టడానికి ఎంత తేడా ఉందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

శిక్షణ_తరగతి

టీచర్లకు శిక్షణ ఇచ్చే పని నాది. మొదటి పోస్టులోని ‘మిగతా రోజులన్నీ ఎవరి సంస్కృతి ప్రకారం నడుస్తున్నాయి’ అన్న ప్రశ్న దగ్గరే ఉండి మాట్లాడతాను. ఎందుకంటే శిక్షణకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది సంస్కృతి అనేది పిల్లల దగ్గర, అందులోనూ ‘వేరే’ పిల్లల దగ్గర ఉంటుందనుకుంటారు. తమ దగ్గర ఉన్నది మామూలు పద్ధతి, శాస్త్రీయమైన పద్ధతి అనుకుంటారు. ఈ ఒక్క ఊహ కదిలితే మిగతావన్నీ కదులుతాయి.

జోసెఫ్ టోబిన్, డేవిడ్ వూ, డానా డేవిడ్సన్ అనే పరిశోధకులు 1989లో ప్రచురించిన అధ్యయనం నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. జపాన్, చైనా, అమెరికాల్లో ఒక్కో ప్రీస్కూల్‌లో ఒక రోజంతా వీడియో తీశారు. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఆ వీడియోలను ఆ టీచర్లకే చూపించారు, తర్వాత మిగతా రెండు దేశాల వాళ్లకు చూపించి ఏమనుకుంటున్నారో అడిగారు. జపాన్‌లోని క్యోటో నగరంలోని బడిలో ఒక టీచర్‌కు ముప్పై మంది దాకా పిల్లలు. అందులో ఒక నాలుగేళ్ల పిల్లవాడు రోజంతా అల్లరి, తోటివాళ్లతో కొట్లాట. టీచర్ దాదాపుగా కలగజేసుకోదు. అమెరికా టీచర్లు అది చూసి కంగారుపడ్డారు, ఇది నిర్లక్ష్యం కదా అన్నారు. జపాన్ టీచర్ల వివరణ వేరు: పెద్దవాళ్లు వెంటనే దూరిపోతే పిల్లలు ఒకరితో ఒకరు సర్దుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు? క్లాసులో పిల్లలు తక్కువగా ఉండటం అమెరికా వాళ్లకు నాణ్యతకు గుర్తు. జపాన్ టీచర్లకేమో అంత తక్కువమంది ఉంటే గుంపులో మెలగడం ఎలా వస్తుందన్న బెంగ. చైనా బడిలో పిల్లలు బొమ్మలో ఉన్నట్టే బ్లాకులు పేర్చడం చూసి అమెరికా వాళ్లు బిగుతుగా ఉందన్నారు.

ఎవరూ చెడ్డ టీచర్లు కారు. ప్రతి ఒక్కరూ మంచి మనిషి ఎలా తయారవుతాడన్న తమ నమ్మకం ప్రకారం పనిచేస్తున్నారు. ‘నీకు నచ్చిన ఆట నువ్వే ఎంచుకో’ అనడం కూడా ఒక సంస్కృతే. ‘నోటితో చెప్పు, చేత్తో కొట్టకు’ అనడమూ అంతే. అవి తప్పని నేను అనడం లేదు, నేనూ అలాగే నేర్పుతాను. కానీ అవి ప్రకృతి నియమాలు కావు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, ప్రశ్నల సంగతి. మనం సర్కిల్ టైమ్‌లో, అంటే పిల్లలంతా గుండ్రంగా కూర్చున్నప్పుడు, ఎర్ర బంతి పట్టుకుని ‘ఇది ఏ రంగు?’ అంటాం. మనకు తెలుసు అది ఎరుపని. పిల్లవాడికీ తెలుసు మనకు తెలుసని. షర్లీ బ్రైస్ హీత్ అనే పరిశోధకురాలు అమెరికా దక్షిణ ప్రాంతంలోని రెండు శ్రామిక సమాజాల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, 1983లో తన పరిశోధన ప్రచురించారు. అందులో ఒక నల్లజాతి సమాజంలో పెద్దవాళ్లు పిల్లలను జవాబు తమకు ముందే తెలిసిన ప్రశ్నలు అడగరు. నిజంగా తెలియనిదే అడుగుతారు, లేదా ‘అది దేనిలా ఉంది?’ అని పోలిక అడుగుతారు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలు కథలు అల్లడంలో, పోలికలు పట్టడంలో ఎంతో చురుకు. వాళ్లే బడికొచ్చి ‘ఇది ఏ రంగు?’ దగ్గర మౌనంగా ఉండిపోతే టీచర్ ఏం రాస్తుంది? ‘రంగులు తెలియవు’ అని. ఒక బిడ్డ మీద లోటు అనే ముద్ర పడేది ఇలాగే, అదీ నాలుగేళ్లకే. టీచర్‌కు తన ప్రశ్న ఒక అలవాటు అని తెలిసి ఉంటే ఇంకోలా అడిగి చూసేది.

‘మరి శాస్త్రం ఏం చెబుతోంది?’ అని కొందరు అడుగుతారు. ఆ శాస్త్రం ఎవరిని చూసి రాసిందో కూడా అడగాలి కదా. 2003 నుంచి 2007 దాకా మనస్తత్వ శాస్త్రంలోని ప్రధాన పత్రికలను పరిశీలిస్తే, పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాల వాళ్లే. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. అమెరికాలో శిశు విద్యకు ప్రమాణాలు రాసే జాతీయ సంఘం 1987లో ‘వయసుకు తగిన బోధన’ గురించి పత్రం విడుదల చేసినప్పుడు ఈ విమర్శే వచ్చింది. 1997 సవరణలో పిల్లల సామాజిక, సాంస్కృతిక నేపథ్యాన్ని కూడా టీచర్ తెలుసుకోవాల్సిన జ్ఞానంలో భాగంగా చేర్చారు.

సూటి_ప్రశ్న

శిక్షణ తరగతి గారి పోస్టు బాగుంది, కానీ దాన్ని చివరిదాకా లాగితే ఎక్కడికి పోతాం? ‘మా సంస్కృతిలో పిల్లల్ని కొట్టి పెంచుతాం’ అని ఒక తండ్రి అంటే? ‘మా అబ్బాయిని వంటింటి ఆటల దగ్గర కూర్చోబెట్టకండి’ అంటే? ‘ఫలానా వాళ్ల పిల్లల పక్కన మా పాపను కూర్చోబెట్టొద్దు’ అంటే? అన్నిటికీ సంస్కృతి అని తల ఊపుతామా? గౌరవం పేరుతో బిడ్డకు అన్యాయం చేయడం నాకు ఇష్టం లేదు. నేను పెరిగిన పద్ధతిలో గౌరవించదగినవి ఉన్నాయి, వదిలేయాల్సినవీ ఉన్నాయి. ఆ రెండో మాట ఎవరూ అనడం లేదు.

శిక్షణ_తరగతి

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాల్సిందే, అడిగినందుకు సంతోషం.

గీత ఎక్కడ గీయాలో మనం సొంతంగా కనిపెట్టక్కర్లేదు. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 29వ అధికరణం ఉంది. చదువు బిడ్డలో తన తల్లిదండ్రుల పట్ల, తన సాంస్కృతిక గుర్తింపు, భాష, విలువల పట్ల గౌరవం పెంచాలి, తనకు భిన్నమైన నాగరికతల పట్ల కూడా పెంచాలి అంటుంది. అదే ఒడంబడికలో 19వ అధికరణం బిడ్డను శారీరక, మానసిక హింస నుంచి కాపాడాలంటుంది. రెండో అధికరణం వివక్ష కూడదంటుంది. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు, కలిపి చదవాల్సినవి. శారీరక దండనకు ఏ మినహాయింపూ లేదని, ఈ ఒడంబడిక అమలును చూసే బాలల హక్కుల కమిటీ 2006లో విడిగా స్పష్టం చేసింది.

కాబట్టి కొట్టడం మీద, ఒకరి పక్కన కూర్చోకూడదనడం మీద బేరం లేదు. ఆ తండ్రితో మర్యాదగా మాట్లాడతాం, ఆయన భయం ఏమిటో వింటాం, కానీ బడిలో అది జరగదని చెబుతాం. వంటింటి ఆటల్లో కూడా ఏ పిల్లవాడినీ లేపేయం.

ఒక్క జాగ్రత్త. టీచర్‌కు ఇబ్బందిగా అనిపించిన ప్రతిదీ బిడ్డకు హాని కాదు. నాలుగేళ్ల పిల్లకు అమ్మ ఇంకా నోట్లో ముద్ద పెడుతోందంటే కొందరు టీచర్లకు అది పెద్ద లోపంలా కనబడుతుంది. ఆ ఇంట్లో అది ఆప్యాయత. స్వతంత్రంగా ఉండటమే ఎదుగుదల అనుకునే చోట అది తప్పుగా కనిపిస్తుంది, ఒకరికొకరు ఆధారంగా ఉండటమే ఎదుగుదల అనుకునే చోట సహజంగా కనిపిస్తుంది. అక్కడ టీచర్ చేయాల్సింది తీర్పు చెప్పడం కాదు, రెండు చోట్లా పిల్ల ఎలా మెలగాలో కుటుంబంతో కలిసి ఒక దారి వెతకడం.

సూటి_ప్రశ్న

సరే. హాని, ఇబ్బంది ఒకటి కాదు అన్న తేడా నాకు ఉపయోగపడుతుంది. ఆ తేడాను రోజూ నిర్ణయించేది మళ్లీ టీచరే కదా, దానికి ఆమెకు శిక్షణ, సమయం రెండూ ఇవ్వాలి. అవి లేకుండా ఈ బరువంతా ఆమె నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

తోటపని

అందుకే కొంచెం ఆచరణలోకి వస్తాను. చాలా ఏళ్లు ఒక శిశు కేంద్రం నడిపి విశ్రాంతి తీసుకుంటున్నాను.

అడ్మిషన్ ఫారంలో ‘మతం, మాతృభాష’ అని రెండు గళ్లు నింపించుకుంటే ఆ కుటుంబం గురించి మనకు ఏమీ తెలియదు. అదే మతం, అదే భాష ఉన్న రెండు ఇళ్లు పిల్లల పెంపకంలో ఏ పోలికా లేకుండా ఉండొచ్చు. బిడ్డ చేరే ముందు మేము తల్లితోనో, తండ్రితోనో, బిడ్డను ఎవరు చూసుకుంటే వాళ్లతో తీరిగ్గా కూర్చుని మాట్లాడేవాళ్లం. అడిగేవి ఇలాంటివి: ఏడిస్తే ఇంట్లో ఎవరు, ఎలా ఊరుకోబెడతారు? నిద్రపోయేటప్పుడు పక్కన ఎవరుంటారు? ఇంటి పనుల్లో వేటిలో చెయ్యి పెడుతుంది? పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే పిల్ల మధ్యలో మాట్లాడొచ్చా? మీ బిడ్డ ఇక్కడి నుంచి ఎలాంటి మనిషిగా బయటికి రావాలని కోరుకుంటున్నారు?

నిద్ర ప్రశ్న ఒక్కటే ఎంత చెబుతుందో. 1992లో అమెరికా మధ్యతరగతి తల్లులను, గ్వాటెమాలాలోని మాయా అనే మూలవాసీ తల్లులను పోల్చిన ఒక అధ్యయనం ఉంది. పసిబిడ్డను వేరే గదిలో పడుకోబెట్టడం స్వతంత్రం నేర్పడమని అమెరికా తల్లులు అనుకున్నారు. ఆ సంగతి విని మాయా తల్లులు ఆ బిడ్డల మీద జాలిపడ్డారు. ఇప్పుడు ఎప్పుడూ ఒంటరిగా పడుకోని బిడ్డను మన సెంటర్‌లో చీకటి గదిలో పరుపు మీద వదిలి, ఏడిస్తే ‘అలవాటు పడతాడులే’ అంటే ఎలా? వీపు మీద చెయ్యి వేసి కాసేపు పక్కన కూర్చుంటే సరిపోయేది.

ఇంటి పనుల ప్రశ్న వెనక కూడా ఒక ఆలోచన ఉంది. అమెరికాలోని టూసాన్ నగరంలో లూయిస్ మోల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు, కొందరు టీచర్లు కలిసి మెక్సికో మూలాలున్న శ్రామిక కుటుంబాల ఇళ్లకు వెళ్లారు. 1992లో దాని గురించి రాశారు. టీచర్లు వెళ్లింది పాఠం చెప్పడానికి కాదు, తెలుసుకోవడానికి. వ్యవసాయం, మరమ్మతు, వ్యాపారం, వైద్యం, ఇల్లు కట్టడం, ఇలా ఎంతో జ్ఞానం ఆ ఇళ్లలో కనిపించింది. దాన్ని తరగతిలోకి తెచ్చారు. పేదవాళ్ల ఇల్లు అంటే ఏదో తక్కువగా ఉన్న చోటు అని చూసే చూపు అక్కడ మారింది. ఎవరి దుస్తులు ఎలా ఉంటాయన్న దానికంటే, ఈ పిల్ల వాళ్ల నాన్న దగ్గర చక్రం బిగించడం చూసి నేర్చుకుంది అన్నది టీచర్‌కు చాలా ఎక్కువ పనికొస్తుంది.

ఒక్కటే_గది

చదువుతున్నాను, చాలా నేర్చుకుంటున్నాను. కానీ మా సెంటర్‌లో ఉన్నది ముప్పై మంది పిల్లలు, అందరిదీ ఒకే భాష, ఒకే రకం కుటుంబాలు. వైవిధ్యమే లేదు. మాకు ఇది వర్తిస్తుందా?

శిశుమనసు

వర్తిస్తుందండి, బహుశా మీకే ఎక్కువ అవసరం. ఆ ముప్పై మందిలో అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగేవాళ్లు ఉండరా? ఒక్క అమ్మే ఉన్న ఇల్లు? మాట ఆలస్యమైన బిడ్డ, కాలు సరిగా లేని బిడ్డ, అదే భాషను వేరే యాసలో మాట్లాడే బిడ్డ, ఫీజు కట్టడానికి ఇబ్బందిపడే ఇల్లు? యాసను వెక్కిరించడం పిల్లలు చాలా తొందరగా నేర్చుకుంటారు, పెద్దవాళ్లు నవ్వితే చాలు.

లూయీస్ డెర్మన్ స్పార్క్స్ అనే శిశు విద్యావేత్త, ఆమె బృందం 1989లో పక్షపాతానికి ఎదురు నిలిచే శిశు విద్య గురించి పుస్తకం రాశారు. ఎప్పుడో ఒకసారి వేరే సంస్కృతిని చూసి వచ్చేయడాన్ని వాళ్లు పర్యాటకుల తరహా పాఠ్యప్రణాళిక అన్నారు. ఒక్క రోజు చూపించి మళ్లీ ఊసెత్తకపోతే, ఆ మనుషులు ఎప్పుడూ ఆ దుస్తుల్లోనే ఉంటారని, మనలా పళ్లు తోముకుని పనికి వెళ్లరని పిల్లలు అనుకుంటారు. నీలం చొక్కా గారూ, మీ పాప సంబరం నిజమైనదే, దాన్ని తీసేయమని ఎవరూ అనరు. ఆ రోజుకు ముందూ వెనకా కూడా ఆ ఇల్లు క్లాసులో ఉండాలి, అంతే.

పుస్తకాల గురించి ఒక మాట. పిల్లల సాహిత్యం మీద పనిచేసిన రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో చెప్పిన పోలిక నాకు చాలా ఇష్టం: పిల్లల పుస్తకాలు కొన్ని అద్దాల్లా తమను తమకు చూపించాలి, కొన్ని కిటికీల్లా వేరేవాళ్ల జీవితాలు చూపించాలి. ఎప్పుడూ అద్దాలే చూసే పిల్లలు లోకమంతా తమలాగే ఉంటుందనుకుంటారు. ఒక్కసారీ అద్దం దొరకని పిల్లలు తాము లెక్కలోకి రామనుకుంటారు. మీ గదిలో మొదటి ప్రమాదం ఉంది.

నీలం_చొక్కా

అలా అయితే నాకు అభ్యంతరం లేదండి. పండగ రోజు ఉండాలి, అదొక్కటే ఉండకూడదు. మా సెంటర్ వాళ్లకు తోటపని గారి ప్రశ్నలు పంపిస్తాను. మమ్మల్ని ఇప్పటిదాకా అవేవీ అడగలేదు.

బాలబడి_టీచర్

అందరికీ ధన్యవాదాలు. వచ్చే మీటింగ్‌లో క్యాలెండర్‌ను పక్కన పెట్టమని కాకుండా, దాని ముందు మూడు విషయాలు చేర్చమని అడుగుతాను: చేరేటప్పుడు కుటుంబంతో మాట్లాడే సమయం, ఇంటి భాష మీద స్పష్టమైన మాట, మా దినచర్యను మేమే ఒకసారి బయటి కళ్లతో చూసుకోవడం. సూటి ప్రశ్న గారు చెప్పినట్టు శిక్షణ కూడా అడుగుతాను.

ఒక చివరి ప్రశ్న. ఈ వారం ఒక బాబు ఇంకో బాబుతో ‘నీ చేతులు మురికిగా ఉన్నాయి, నీతో ఆడను’ అన్నాడు. ఆ చేతులు శుభ్రంగానే ఉన్నాయి, రంగు ముదురు అంతే. పక్కనున్న టీచర్ ‘తప్పు, అలా అనకూడదు, అందరూ ఫ్రెండ్స్’ అని ఇద్దరినీ బొమ్మల దగ్గరికి పంపేసింది. అలాంటప్పుడు అక్కడికక్కడ ఏం చెప్పాలి?

శిక్షణ_తరగతి

‘తప్పు’ అని నోరు మూయించడం వల్ల, ఆ విషయం పెద్దవాళ్ల ముందు మాట్లాడకూడదని మాత్రమే పిల్లవాడు నేర్చుకుంటాడు. మురికి అన్న అతని నమ్మకం అలాగే ఉంటుంది. మాట పడ్డ బిడ్డకు తన వైపు ఎవరూ నిలబడలేదని తెలుస్తుంది.

ముందు మాట పడ్డ బాబు దగ్గర కూర్చోండి. ‘నీ చేతులు శుభ్రంగా ఉన్నాయి. నీ చర్మం రంగు అది, బాగుంది. ఆ మాటకు నీకు బాధేసింది కదా’ అని అందరికీ వినబడేలా చెప్పండి. తర్వాత రెండో బాబుతో, కోపం లేకుండా: ‘అది మురికి కాదు. మన అందరి చర్మంలో రంగునిచ్చే మెలనిన్ అనేది ఉంటుంది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. కడిగితే పోదు, పోవాల్సిన అవసరం లేదు. రంగు చూసి నీతో ఆడను అంటే అవతలివాళ్లకు బాధ కలుగుతుంది, మన క్లాసులో అలా చేయం.’ నాలుగేళ్ల బిడ్డకు ఈ మాత్రం చాలు, ఉపన్యాసం వద్దు. నిజంగా అనుమానం ఉంటే ఇద్దరూ చేతులు కడుక్కుని చూసుకోవచ్చు, కానీ ముదురు రంగు బాబు ఒక్కడినే కడుక్కోమనకండి.

తర్వాతి వారాల్లో రంగుల పెట్టెలో ‘చర్మం రంగు’ పేరుతో ఒకటే లేత రంగు ఉందేమో చూసి, గోధుమ రంగుల్లో రకరకాలు పెట్టండి. ప్రతి ఒక్కరూ తమ చేతి రంగును తామే కలిపి తయారుచేసుకోవచ్చు. బొమ్మల కార్నర్‌లో ఎవరు ఏ బొమ్మను ఎత్తుకుంటున్నారో, ఆటల్లో ఎవరిని చేర్చుకోవడం లేదో కొన్నాళ్లు రాసి పెట్టుకోండి. ఇద్దరి తల్లిదండ్రులకూ అదే రోజు విడివిడిగా చెప్పండి. మాట పడ్డ బాబు ఇంట్లో వాళ్లకు ముందు చెప్పండి, ఏం జరిగింది, మీరేం చేశారు, రేపు ఏం చేస్తారు అన్నీ. ఆ అమ్మ ‘మా వాడికి ఇది మొదటిసారి కాదు’ అంటే ఆశ్చర్యపోకుండా వినండి, ఇంతకుముందు ఎక్కడ జరిగిందో అడగండి.